బుచ్చమ్మ చేతిలో తాడు

కాకినాడలో వింధ్యావళి అనే ఒకావిడ ఉండేది. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే, జవాబు చెప్పి వాళ్ళ చేత ఔననిపించేదాకా ఊరుకోలేని మనిషి ఆవిడ.

జిల్లా కోర్టులో తీర్పులు టైపు చేయడం ఆమె ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా ఇంకొకరు చెప్పిన తీర్పులే టైపు చేసింది. తను తీర్పు చెప్పే చోటు ఆమెకు ఒక్కటే ఉండేది. అది వంతెన దగ్గరున్న పాత పఠన మందిరంలో మేడగది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా అక్కడ ఓ బల్ల చుట్టూ నలుగురు పెద్దవాళ్ళు కూర్చుని కథ ఆట ఆడేవారు.

ఆ ఆట సంగతి ఇది. ఒకరు సూత్రధారిగా ఉంటారు. కథలో ఏం జరుగుతోందో, ఎదురుగా ఏ ఆపద వచ్చిందో వాళ్ళు చెబుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. వంతు వచ్చినప్పుడు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఆ పని నెరవేరుతుందో లేదో తేలకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే నెరవేరినట్టు, చిన్నది పడితే లేనట్టు. వీటన్నిటికీ మూడు వందల పేజీల నిబంధనల పుస్తకం ఉంటుంది. పుస్తకం చాలని చోట సూత్రధారి మాటే చెల్లుతుంది.

కనీసం గజపతిరావు గారు సూత్రధారిగా ఉన్నన్నాళ్ళూ చెల్లింది. ఆయన ఏదైనా చెప్పి, చివర "అంతే" అనేవాడు. అంతే అయ్యేది. ఆయన విశాఖపట్నం బదిలీ అయి, ఆ కుర్చీలో వింధ్యావళి కూర్చున్న మొదటి ఆదివారమే "పేజీ నంబరు ఎంతమ్మా?" అన్న ప్రశ్న పుట్టింది.

ఆ ప్రశ్న వేసింది చిదంబరం. పాలిటెక్నిక్ లెక్చరరు. నిబంధనల పుస్తకానికి అట్ట వేయించి, పేజీలకు రంగురంగుల కాగితపు చీటీలు అంటించుకున్న మనిషి. గజపతిరావు గారిని మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన పేజీ నంబరు అడగలేదు. అప్పట్లో ఆ చీటీలూ లేవు.

వింధ్యావళికి అది తెలియక కాదు. తెలుసు గనకే ఆమెకు పంతం పుట్టింది. "ఆడది నడిపితే ఇంతే" అన్న మాట ఎవరి నోటా రాకూడదనుకుంది. ఒక పెద్ద నోటు పుస్తకం కొని, తన ప్రతి తీర్పునూ తేదీతో సహా అందులో రాయడం మొదలుపెట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి అది చిదంబరానికి రెండో నిబంధనల పుస్తకం అయింది.

"చూడమ్మా, నిరుడు శ్రావణంలో మీరే రాశారు," అని ఆయన ఆమె దస్తూరీనే ఆమెకు చూపించేవాడు.

మూడోవాడు ఏసుపాదం. ఆర్టీసీలో కండక్టరు. అతని పాత్ర గవర్రాజు అనే దొంగ. నాలుగో మనిషి నఫీసా. ఏలేశ్వరంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. ఆమెకు నెలకు ఒక్క ఆదివారమే సెలవు. ఇంట్లో ఆరుగురికి వండిపెట్టి, కుట్టు క్లాసుకని చెప్పి, గంటన్నర బస్సులో వచ్చేది. ముప్పై నాలుగేళ్ళ ఆడది ఆడుకోవడానికి వెళ్తున్నానంటే ఏ ఇంట్లో ఊరుకుంటారు? తిరిగి అయిదున్నరకల్లా బస్సు కోసం లేచి వెళ్ళిపోయేది. ఆమె పాత్ర బుచ్చమ్మ అనే ముసలి పడవ మనిషి. బుచ్చమ్మకు కత్తి లేదు, మంత్రం లేదు. ఒక పడవ, ఒక తాడు, నదితో ఎవరికీ లేనంత పరిచయం ఉన్నాయి. అయితే కథ రెండేళ్ళుగా కొండల్లోనూ కోటల్లోనూ తిరుగుతోంది. నది రావాలని నఫీసా ఎదురుచూస్తోంది.

ఒక ఆదివారం నది వచ్చింది. అది నఫీసా సెలవు ఆదివారం కూడా అయింది.

వంతెన విరిగింది. చిదంబరం పాత్ర వజ్రభీముడు, ఒళ్ళంతా ఇనుప కవచంతో, వరద నీళ్ళలో పడ్డాడు.

"పాచిక వేయండి మేస్టారూ," అంది వింధ్యావళి. "కవచం ఉంది కాబట్టి పదహారు పైన పడితేనే తేలతారు. లేకపోతే మునుగుతారు."

నఫీసా కుర్చీ ముందుకు జరుపుకుంది. చిదంబరం తర్వాత వంతు ఆమెదే.

చిదంబరం పాచిక ముట్టుకోలేదు. కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆ కళ్ళజోడు సర్దుకోవడం చూస్తేనే వింధ్యావళికి వీపు మీద ఎవరో గీరినట్టు ఉండేది.

"కవచం ఉంటే పదహారని ఎక్కడుందమ్మా?"

"ఇనుము వేసుకుని ఈదగలరా ఎవరైనా?"

"లోకంలో సంగతి కాదు నేనడిగేది. పేజీ నంబరు."

"అక్కా, నేను..." అంది నఫీసా.

"ఒక్క నిమిషం నఫీసా," అంది వింధ్యావళి, పుస్తకం లాక్కుని.

చిదంబరం ఈలోగా నోటు పుస్తకం తిరగేశాడు. "ముప్పై ఏడో తీర్పు. మీ దస్తూరీయే. 'వానలో తడిసినంత మాత్రాన కవచం బరువెక్కదు.' తడిస్తే బరువెక్కనప్పుడు నదిలో మాత్రం ఎందుకెక్కుతుంది? తడి తడే కదా?"

"వానా నదీ ఒకటేనా మేస్టారూ?"

"నీళ్ళు కావా అవి?"

"మరి టీలో కూడా నీళ్ళున్నాయండి," అన్నాడు ఏసుపాదం. "కవచం మీద టీ ఒలికితే కూడా చూసుకోవాలి."

ఎవరూ నవ్వలేదు. ఏసుపాదం మళ్ళీ అన్నాడు: "అమ్మా, బస్సులో సీటు తగాదా వస్తే నేను బస్సు ఆపనండి. మిగతావాళ్ళు ఊళ్ళకి పోవాలి కదా. 'ముందు కూచోండి, స్టాపులో మాట్లాడుకుందాం' అంటాను. బస్సు పోతూనే ఉంటుంది."

"మీరు కాసేపు ఊరుకోండి ఏసుపాదం గారూ," అన్నారు వింధ్యావళీ చిదంబరమూ ఒకేసారి. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

టీ వచ్చి చల్లారింది. వింధ్యావళి ఈత గురించి చదివింది, బరువుల గురించి చదివింది, గుర్రాల మీద నది దాటడం గురించి కూడా చదివింది. నఫీసా రెండోసారి చెయ్యెత్తింది. "ఒక్క నిమిషం" అంది వింధ్యావళి తలెత్తకుండానే. మూడోసారి నఫీసా ఏదో అంది. వింధ్యావళికి వినపడలేదు. అప్పటికి ఆమె నూట పన్నెండో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనిక మీద వేలు పెట్టి ఉంది.

"ఇదిగో!" అని కేక పెట్టింది. "'నిండా నీటిలో ఉన్నవారికి కవచం బరువు రెట్టింపుగా లెక్కించాలి.' చదువుకోండి. పైకి చదవండి."

చిదంబరం చదివాడు. ఇంకోసారి చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"సరే. రాసుకోండి," అన్నాడు, చేదు మందు మింగినట్టు.

వింధ్యావళి రాసింది. అరవై రెండో తీర్పు. పెన్ను అంత హాయిగా ఎప్పుడూ కదల్లేదు. చిదంబరం పాచిక వేశాడు. మూడు పడింది. వజ్రభీముడు మునిగిపోయాడు.

"నఫీసా, ఇప్పుడు బుచ్చమ్మ..." అంటూ తలెత్తింది.

కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద బుచ్చమ్మ పాత్ర కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. వచ్చినప్పుడల్లా దాన్ని నఫీసా సంచిలో వేసుకుని తీసుకుపోయేది.

"ఇందాకే వెళ్ళిపోయిందండి," అన్నాడు ఏసుపాదం. "మీకు చెప్పే వెళ్ళింది. మీరు పేజీ వెతుకుతున్నారు."

గోడ గడియారం అయిదూ ముప్పావు చూపిస్తోంది.

ఇంటికి వెళ్ళాక వింధ్యావళి నోటు పుస్తకం ముందేసుకుంది. నఫీసా విషయంలో తనేదైనా తప్పు తీర్పు ఇచ్చిందేమో చూద్దామనుకుంది. అరవై రెండు తీర్పులూ చదివింది. యాభై ఒకటి చిదంబరం అడిగినవి. తొమ్మిది ఏసుపాదం అడిగినవి. రెండు తనకే సందేహం వచ్చి రాసుకున్నవి. నఫీసా పేరు ఒక్కచోట కూడా లేదు. ఆమెకు అన్యాయం చేసిన తీర్పు ఒక్కటీ లేదు. న్యాయం చేసింది కూడా ఒక్కటీ లేదు. అసలా పుస్తకం ప్రకారం నఫీసా అనే మనిషి ఆ బల్ల దగ్గర ఎన్నడూ కూర్చోలేదు.

రెండో శనివారం కోర్టుకు సెలవు. వింధ్యావళి ఏలేశ్వరం బస్సెక్కింది. ల్యాబులో నఫీసా రక్తం సీసాలకు పేర్లు అంటిస్తోంది. చూసి నవ్వింది గానీ, చేతిలో పని ఆపలేదు.

"కోపం వచ్చిందా?" అంది వింధ్యావళి.

"కోపం ఎందుకక్కా? మీరు చెప్పిందే రైటు. నూట పన్నెండో పేజీయే కదా?"

"నీకెలా తెలుసు?"

"కిందటేడే చదివాను. నది వస్తే పనికొస్తుందని నీళ్ళ సంగతి మొత్తం చదువుకున్నాను. మొదటిసారి నోరు తెరిచింది అది చెబుదామనే."

వింధ్యావళికి ముఖం మీద కొట్టినట్టయింది.

"రెండోసారి?"

"పేజీ సంగతి వదిలేయండి, నేను తాడు వేస్తాను అని చెబుదామని." నఫీసా ఒక సీసా మీద పేరు నొక్కి అంటించింది. "నా వంతు ఆయన వెనకే కదక్కా. ఆయన మునిగితే నేను తాడు వేసి లాగేదాన్ని. తేలితే పడవలోకి ఎక్కించుకునేదాన్ని. ఎటు తేలినా నష్టం లేదు. మీరిద్దరూ ఆయన మునుగుతాడా తేలుతాడా అని గంటసేపు కొట్టుకున్నారు. ఆ గంటసేపూ నేను పక్కనే తాడు పట్టుకుని కూర్చున్నాను."

జవాబు లేని ప్రశ్న వింధ్యావళికి ఎదురైంది అదే మొదటిసారి. అసలది ప్రశ్న కూడా కాదు.

"మా అత్త అడుగుతోంది," అంది నఫీసా. "మూడేళ్ళుగా కుట్టు నేర్చుకుంటున్నావు, ఒక్క జాకెట్టు కుట్టడం రాలేదేమే అని. ఏం చెప్పను? ఆటా ఆడలేదు, కుట్టూ రాలేదు."

"వచ్చే నెల వస్తావా?"

"చూస్తానక్కా."

ఆడవాళ్ళు "చూస్తాను" అంటే ఏమిటో వింధ్యావళికి బాగా తెలుసు. కాదనడానికి కూడా అనుమతి లేనివాళ్ళు వాడే మాట అది. తిరుగు బస్సులో సీటు కోసం ఇద్దరు గొడవపడ్డారు. కండక్టరు ఏదో సర్దిచెప్పాడు. బస్సు ఆగలేదు. కిటికీలోంచి చూస్తూ ఆమె ఏసుపాదం మాట తలుచుకుంది.

మర్నాడు ఆదివారం. నదిని పక్కన పెట్టి ముగ్గురూ ఒక చిన్న కథ మొదలుపెట్టారు. వింధ్యావళి ముందే చెప్పేసింది.

"ఇక నుంచి తగాదా వస్తే ఒక్క ముక్కలో తేల్చేస్తాను. అది తప్పయినా సరే, ఆట సాగాలి. ఆరు తర్వాత పుస్తకం తెరుద్దాం. నాది తప్పని తేలితే పై వారం నుంచి దిద్దుకుంటాను."

"ఇలాంటి నిబంధన పెట్టొచ్చని ఏ పేజీలో ఉంది?" అన్నాడు చిదంబరం.

"ఆరు తర్వాత, మేస్టారూ."

"ఇది నియంతృత్వం కాదా?"

"ఆరు తర్వాత."

"గజపతిరావు గారు కూడా ఇలా..." అని ఆగిపోయాడు. గజపతిరావు గారు సరిగ్గా ఇలాగే చేసేవాడని ఆయనకే గుర్తొచ్చింది.

ఆ మూడు గంటల్లో చిదంబరం అయిదుసార్లు కళ్ళజోడు సర్దుకున్నాడు. అయిదుసార్లూ వింధ్యావళి నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. మంచి జవాబులు, పేజీ నంబర్లతో సహా! వాటిని మింగడం ఆమెకు కాకరకాయ పచ్చిది నమిలినంత పనైంది. ఒకసారైతే బల్ల కింద పెన్సిలు విరిచేసింది. ఆరు దాటాక మాత్రం నిజంగానే కూర్చుని ఆయన చెప్పిందంతా వింది. అయిదింటిలో రెండు ఆయనవే రైటు. ఒప్పుకుని రాసుకుంది. గజపతిరావు గారి "అంతే"లో లేనిది అదే.

నఫీసా సెలవు ఆదివారం వచ్చింది. మూడయింది. మూడుంబావు అయింది. వింధ్యావళి మడతల కాగితం విప్పి, ఖాళీ కుర్చీ ముందు పరిచింది. మూడున్నరకు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

నఫీసా గుమ్మంలో నిలబడింది. "నిజం చెప్పేశానక్కా మా అత్తకి. కుట్టు కాదు, ఆట అని."

"ఏమంది?"

"ముందు తిట్టింది. తర్వాత 'ఎవరు గెలిచారే?' అంది. నా వంతు ఇంకా రాలేదన్నాను. 'మూడేళ్ళ నుంచీనా!' అని నోరు వెళ్ళబెట్టింది. వంట తను చూసుకుంటానని, వంతు వచ్చేదాకా ఇంటికి రావద్దని పంపింది."

ఏసుపాదం కుర్చీ లాగి వేశాడు. వింధ్యావళి నోటు పుస్తకం తెరిచి, అరవై రెండో తీర్పు మీద అడ్డంగా గీత కొట్టింది. ఆ గీత కొడుతుంటే తన ప్రాణమే కొంచెం పోయినట్టనిపించింది. దాని కోసం ఎంత వెతికిందో ఆమెకే తెలుసు.

"వజ్రభీముడు నీళ్ళలో పడ్డాడు. ఇంకా మునగలేదు," అంది. "కిందటిసారి ఆట ఇక్కడ ఆగింది."

చిదంబరం కళ్ళజోడు సర్దుకున్నాడు. "అదెలా కొట్టేస్తారమ్మా? నూట పన్నెండో పేజీ ఉంది. మూడు పడింది. నేను చచ్చిపోయాను!"

"బతికించేస్తామంటే గొడవేంటండీ మీకు?" అన్నాడు ఏసుపాదం.

"పద్ధతి పద్ధతే కదా!"

వింధ్యావళి నాలుక చివరకు ఒకటి కాదు, మూడు జవాబులు వచ్చాయి. మూడూ బాగున్నాయి. మూడూ మింగింది.

"ఆరు తర్వాత, మేస్టారూ." ఆమె నఫీసా వైపు తిరిగింది. "బుచ్చమ్మా, ఏం చేస్తావు?"

నఫీసా గొంతు సవరించుకుంది. "తాడు వేస్తాను. కానీ లాగను."

"లాగవా?" అన్నాడు చిదంబరం.

"ఇనుముతో సహా లాగితే నా పడవ తిరగబడుతుంది. కవచం విప్పు నాయనా, లాగుతాను. విప్పనంటే తాడు వదిలేస్తాను. నది ముందు నీ పుస్తకాలు చదవను నేను, ముసలిదాన్ని."

"రెండు నెలలు కష్టపడి సంపాదించిన కవచం అది!"

"మునుగుతున్నావు నాయనా."

"దీనికి నిబంధన..." అంటూ చిదంబరం పుస్తకం మీద చెయ్యి వేశాడు. ముగ్గురూ ఆయన వైపే చూస్తున్నారు. బయట వంతెన మీద లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆయన చెయ్యి పుస్తకం మీంచి మెల్లగా జారింది.

"విప్పాను," అన్నాడు చివరకు. "చెప్పులు కూడా."

నఫీసా పాచిక వేసింది. పదమూడు. చాలు. బుచ్చమ్మ వజ్రభీముణ్ణి జుట్టు పట్టుకుని పడవలోకి లాగి, తన చీర కొంగుతో తల తుడిచింది. వరదలో రాళ్ళు ఎక్కడున్నాయో చెబుతూ, గవర్రాజు చేత తెడ్డు వేయించి, అందరినీ అవతలి ఒడ్డుకు చేర్చింది. అయిదున్నర దాకా నది ఆమెదే. మధ్యలో చిదంబరం ఒక్కసారి నోరు తెరిచాడు. "ఆ సుడిగుండం ఎటుంది బుచ్చమ్మా?" అని అడగడానికి.

నఫీసా పాత్ర కాగితం సంచిలో వేసుకుని బస్సుకు వెళ్ళింది. ఆరు కొట్టగానే ఏసుపాదం టీ కోసం కిందికి దిగాడు. చిదంబరం నూట పన్నెండో పేజీ తెరిచి, తను చచ్చిపోయి ఉండాల్సిందని పావుగంట సేపు నిరూపించాడు. వింధ్యావళి చివరిదాకా వింది.

"మీరే రైటు మేస్టారూ," అంది. "పై వారం నుంచి ఎవరైనా నీళ్ళలో పడితే అలాగే చూద్దాం."

చిదంబరం ఖాళీ కుర్చీల వైపు చూశాడు. గెలిచాడు గానీ, చూసేవాళ్ళు లేరు. పుస్తకం మూశాడు.

"ఆ తాడు వేయడం మాత్రం బాగుందమ్మా," అని టీ తాగడానికి కిందికి వెళ్ళాడు.

నీతి: గొంతు పెంచినవాడికి జవాబు చెప్పడమే న్యాయమనుకుంటే, నోరెత్తని మనిషి వంతు ఎన్నటికీ రాదు. తగాదా గెలవడం కన్నా ముందు, మీ మాట కోసం తాడు పట్టుకుని కూర్చున్నవాళ్ళెవరో చూడండి.